ఒకే సంచిలో ఆరు కార్డులు: పెనాంగ్ రేవులో ఒక మధ్యాహ్నం

చెన్నై టి.నగర్‌లో 18 ఏళ్లుగా ప్రయాణ ఏర్పాట్లు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు, నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే పెద్దలు. ఓడ ప్రయాణానికి డబ్బు కట్టగానే వారంతా ఒకే మాట అడుగుతారు: "రేవులో దిగి ఊరు చూడడానికి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు వెంట ఉండాలా, ఓడలోనే వదిలేయాలా?" చాలాకాలం నేను దానికి జవాబు చెప్పి ఊరుకున్నాను. 2024 డిసెంబరులో ఒక కుటుంబానికి జరిగింది చూశాక, అంతకంటే ముందు ఇంకొకటి తేల్చుకోవాలని అర్థమైంది. ఎవరి కాగితం ఎవరి దగ్గర ఉంది? ఆ కుటుంబం ఒప్పుకున్నాకే, పేర్లు లేకుండా ఇది రాస్తున్నాను.

మొత్తం ఆరుగురు. 76 ఏళ్ల తండ్రి, 71 ఏళ్ల తల్లి, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. సొంత ఊరు నెల్లూరు దగ్గర. నలభై ఏళ్లుగా వలసరవాక్కంలో ఉంటున్నారు. అర్ధసంవత్సర పరీక్షల సెలవుల్లో విమానంలో సింగపూర్ వెళ్లి, అక్కడ ఓడ ఎక్కి, మలేషియాలోని పెనాంగ్ చూసి, మళ్లీ సింగపూర్‌లో దిగే ప్రయాణం. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు మలేషియాలో వీసా అక్కరలేదు కాబట్టి అక్కడ ఆన్‌లైన్‌లో రాకపోకల కార్డు నింపితే సరిపోయింది. ఓడ మలేషియాకు వెళ్లి తిరిగి వస్తుంది కాబట్టి సింగపూర్‌కు ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించగల వీసా కావాలి, అదీ ఉంది. ఆరు పాస్‌పోర్టులకూ ఆరు నెలలకు మించి గడువు ఉంది. కాగితాల విషయంలో ఎక్కడా లోటు లేదు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తరువాత విన్నవారందరూ మొదట అడిగింది "ఏ కాగితం తక్కువైంది?" అనే. ఏదీ తక్కువ కాలేదు.

ఈ కుటుంబానికి ఓడ కొత్త కాదు. 2022 జూన్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ చెన్నై రేవులో విహార ఓడను ప్రారంభించినప్పుడు, తొలి నెలల్లోనే విశాఖ వరకు వెళ్లివచ్చారు. దేశం లోపలి ప్రయాణం కాబట్టి అప్పుడు ఆధార్ సరిపోయింది. అందరి ఆధార్ కార్డులూ కొడుకు నడుముకు కట్టుకున్న సంచిలోనే ఉన్నాయి, ఏ ఇబ్బందీ రాలేదు. ఈసారి కూడా అదే సంచి. పెనాంగ్‌లో దిగేటప్పుడు ఆధార్ కార్డులు కూడా అందులో ఉన్నాయని తరువాత తెలిసింది. పరదేశం రేవు గేటు దగ్గర ఆధార్‌తో పని జరగదు. అయినా అది జేబులో ఉంటే మనవారికి ఒక ధైర్యం.

ఓడ పద్ధతి కూడా చెప్పాలి. ఎక్కేటప్పుడే రిసెప్షన్‌వారు పాస్‌పోర్టులు తీసుకుని తమ దగ్గరే ఉంచుకున్నారు. వందలాది ప్రయాణికుల ఇమిగ్రేషన్ పనిని ఒక్కసారిగా పూర్తిచేయడానికి కొన్ని ఓడలు ఇలా చేస్తాయి. బదులుగా ప్రతి ఒక్కరికీ పాస్‌పోర్టు జిరాక్స్, ఫోటో తీసి ఒక ప్లాస్టిక్ కార్డు ఇస్తారు. క్యాబిన్ తలుపు తెరిచేది ఆ కార్డే, ఓడలో కొనుగోళ్లకు లెక్క రాసేదీ అదే. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు యంత్రం ముందు దాన్ని చూపితే కాపలాదారు ఎదుటి తెర మీద ఆ మనిషి ఫోటో వస్తుంది. ఎంతమంది దిగారో, ఎంతమంది తిరిగి వచ్చారో లెక్క అక్కడే తేలుతుంది. పెనాంగ్‌లో దిగేవారు ఆ కార్డు, పాస్‌పోర్టు జిరాక్స్ వెంట ఉంచుకోవాలని ముందురోజు రాత్రి క్యాబిన్‌కు వచ్చిన సమాచార పత్రంలో రాసి ఉంది.

ఉదయం ఆరుగురూ తమ తమ కార్డులు చూపి దిగారు. మెట్లు దిగగానే కొడుకు చేయి చాచాడు. "ఇలా ఇవ్వండి, పోతాయి." ఆరు కార్డులు, ఆరు జిరాక్స్‌లు సంచిలోకి వెళ్లాయి.

ఓడ ఆగే రేవు స్వెట్టెన్‌హామ్ పీర్ పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్ నగరానికి ఆనుకునే ఉంటుంది. మనవారి దుకాణాలుండే లిటిల్ ఇండియా నడిచి వెళ్లే దూరమే. ఓడ సాయంత్రం 5కు బయలుదేరుతుంది, 4.30కల్లా అందరూ ఎక్కి ఉండాలి. మధ్యాహ్నం భోజనం చేసి, కోడలు ఒక బట్టల దుకాణంలో చీరలు చూస్తుండగా పెద్దావిడ పూలదండల వాసనకు బయటికి వచ్చారు. దండలు చూస్తూ సందు తిరిగారు. వెనక్కి వచ్చేసరికి ఏ దుకాణమో గుర్తుపట్టలేకపోయారు. అన్ని దుకాణాల ముందూ అవే చీరలు వేలాడుతున్నాయి, అవే పాటలు మోగుతున్నాయి.

చేతిలో ఫోను లేదు, డబ్బు లేదు, కార్డు లేదు. కొడుకు ఫోనులో మాత్రమే పరదేశం సిమ్ ఉంది. మిగతావారి ఫోన్లు అతని హాట్‌స్పాట్ మీద నడుస్తున్నాయి. అంటే అతను నాలుగు అడుగులు దూరం పోతే కుటుంబంలో ఇంకెవరికీ ఫోను లేనట్టే. దీన్ని నేను ముందుగా ఊహించలేదు. ఊహించి ఉండాల్సింది.

కొడుకు నాకు ఫోను చేసినప్పుడు చెన్నైలో 12.40. పెనాంగ్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అక్కడ 3.10. "మేడమ్, అమ్మ కనిపించడం లేదు" అన్నాడు. తండ్రినీ భార్యాపిల్లలనూ రేవు గేటు దగ్గరికి పంపించేశాడట. తను టాక్సీలో కొండ మీది మురుగన్ గుడికి వెళుతున్నాడు. ఉదయం ఆ గుడికి వెళ్లే సమయం లేక ఆవిడ చిన్నబుచ్చుకున్నారు, ఎవరినైనా అడిగి అటు వెళ్లి ఉంటారని అతని అనుమానం. "కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయి?" అని అడిగాను. అవతల రెండు క్షణాలు మాట లేదు. "అన్నీ నా దగ్గరే ఉన్నాయి మేడమ్."

అప్పుడు నాకు కళ్లముందు కనిపించిన చిత్రం ఇది. తల్లి ఎక్కడో వీధిలో ఉన్నారు. తండ్రి, కోడలు, పిల్లలు గేటు బయట నిలబడి ఉన్నారు, లోపలికి వెళ్లడానికి వారి దగ్గర ఏమీ లేదు. ఆరుగురి కార్డులూ టాక్సీలో ఊరి అవతలికి పోతున్నాయి. తప్పిపోయింది ఒక్కరు, బయట నిలిచిపోయింది ఆరుగురు.

ప్రయాణికులను నేను రోజూ ఒక పని చేయమంటాను. క్యాబిన్‌కు వచ్చే సమాచార పత్రాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపాలి. కోడలు ఆ ఉదయం ఓడ దిగకముందే పంపింది. దాని అడుగున, భోజనశాల వేళల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో పోర్ట్ ఏజెంట్ ఫోను నంబరు ఉంటుంది. ఓడకు ప్రతి రేవులోనూ ఇలా ఒక ఏజెంటు ఉంటారు. నీళ్లు, ఇంధనం దగ్గర నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన ప్రయాణికుల వరకు ఆ రేవులో ఓడ తరఫున నేల మీద పని చేసేది వారే. ఓడ ఎవరినైనా వదిలి వెళ్లాల్సివస్తే ఆ మనిషి పాస్‌పోర్టు వారి చేతికే అందుతుంది. అలాంటి వారు ఉంటారని మన ప్రయాణికుల్లో చాలామందికి తెలియదు.

పెనాంగ్ ఏజెంటుకు ఫోను చేశాను. ఆయన విసుక్కోలేదు. నాలుగు విషయాలు అడిగారు: పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ, దేశం, క్యాబిన్ నంబరు. పాస్‌పోర్టు స్కాన్ నా కంప్యూటర్‌లో ఉంది, చూసి చదివాను.

ఈలోగా పెద్దావిడ ఏం చేశారో తరువాత ఆవిడే చెప్పారు. క్వీన్ స్ట్రీట్‌లో మహామారియమ్మన్ గుడి కనిపించింది. 1833 నాటి గుడి అది, పెనాంగ్‌లోని హిందూ ఆలయాల్లో అన్నిటికంటే పాతది. తలుపులు మూసి ఉన్నాయి. వాకిట్లో కూర్చుని, పూలు కట్టే అమ్మాయితో తమిళంలో తన గోడు చెప్పుకున్నారు. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని మనిషిని ఆ రోజు నలభై ఏళ్ల చెన్నై కాపురం ఆదుకుంది. ఓడ పేరు ఆవిడకు గుర్తులేదు. "పెద్ద తెల్ల ఓడ, పొద్దున్నే వచ్చింది" అన్నారు. ఆ అమ్మాయి దుకాణం పక్కవారికి అప్పగించి, ఆవిడ చేయి పట్టుకుని రేవు గేటు దాకా నడిపించుకువచ్చింది. ఆ అమ్మాయి ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. కృతజ్ఞత చెప్పుకునే దారి లేకపోవడం ఆ కుటుంబాన్ని బాధపెడుతూనే ఉంది.

గేటు దగ్గరికి వచ్చాక రెండో చిక్కు వచ్చింది. కాపలాదారు పేరు అడిగాడు. ఆవిడ తన పేరు, ఇంటిపేరుతో సహా చెప్పారు. అతను ఓడవారి జాబితాలో వెతికాడు. లేదు. ఇంకోసారి వెతికాడు. లేదు. ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉండాల్సిన చోట భర్త పేరు ఉంది. చెన్నైలో పాస్‌పోర్టు తీసుకున్న మన ఆడవారిలో ఇది చాలామందికి ఉంది. ఇక్కడ పేరు ముందు రాసే ఒక్క అక్షరాన్ని పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి రాయాలి. రాసేటప్పుడు ఎవరికి తోచినట్టు వారు రాస్తారు, తండ్రి పేరో, భర్త పేరో ఆ గడిలో పడుతుంది. ఓడ జాబితా ఆ గడి ప్రకారమే వరుసలో ఉంటుంది. అందుకే ఆవిడ తన సొంత పేరు చెబితే ఎవరికీ దొరకలేదు. ఒంటి పేరు ఉన్నవారి కష్టం ఇంకోరకం. 2022 నవంబరులో యూఏఈ ఒంటి పేరు పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని ప్రకటించినప్పుడు మా ఆఫీసు ఫోను రెండు రోజులు ఆగకుండా మోగింది.

ఏజెంటుకు నేను చెప్పింది పాస్‌పోర్టు ప్రకారం పేరు కాబట్టి ఓడలో ఆవిడ వివరాలు వెంటనే దొరికాయి. ఓడ భద్రతాధికారి ఆవిడ ఫోటో ముద్రించుకుని గేటుకు వచ్చారు. అదే ఆవరణలో పది అడుగుల దూరంలో, ఒక స్తంభానికి అటువైపు, తండ్రి, కోడలు, పిల్లలు నిలబడి ఉన్నారు. ఒకరినొకరు చూసుకోలేదు. చిన్నపిల్ల "నానమ్మా!" అని అరిచేదాకా ఎవరికీ తెలియలేదు. అధికారి ఐదుగురి ఫోటోలూ సరిచూసి లోపలికి పంపారు. అప్పటికి 3.55.

ఇక మిగిలింది కొడుకు. అతని ఫోను మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఎత్తాడు. కొండ మెట్ల దగ్గర మనిషి మనిషినీ అమ్మ ఫోటో చూపించి అడుగుతున్నాడు. "అమ్మ ఓడలో ఉంది, నువ్వు తిరిగి రా" అన్నాను. నమ్మలేదు. ఓడ రిసెప్షన్ నుంచి ఆవిడ చేత మాట్లాడించమని ఏజెంటును అడగాల్సివచ్చింది. దారిలో రద్దీ. 4.24కి గేటు దాటాడు.

ఆరు నిమిషాలు ఆలస్యమై ఉంటే ఏం జరిగేది? ఓడవారు మిగిలినవారితో పాటు వెళ్లిపోతారు, ఒక్కరి కోసం ఆగరు. అతని పాస్‌పోర్టును ఏజెంటుకు అప్పగించేవారు. ప్రయాణికులే పాస్‌పోర్టు ఉంచుకునే ఓడల్లో అయితే సిబ్బంది క్యాబిన్ లాకరు తెరిచి తీసి ఇస్తారు. మలేషియాలో అతని కాగితాలు సరిచేయించుకుని, సింగపూర్ వీసా మిగిలి ఉంది కాబట్టి విమానంలో అక్కడికి చేరి ఓడను అందుకోగలిగేవాడు. ఖర్చు, హైరానా ఉండేవి, దిక్కులేని స్థితి ఉండేది కాదు. అదే అసలు పాస్‌పోర్టు అతని సంచిలో ఉండి, ఆ సంచి టాక్సీలో పోయి ఉంటే? పోలీసు ఫిర్యాదు, భారత హైకమిషన్, ఫోటోలు, ఎమర్జెన్సీ సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్‌తో ఇండియాకు తిరిగి రావచ్చు, అంతే. ఓడ ఎక్కే దారి మూసుకుపోయినట్టే. పైగా ఆ సంచిలో ఉండేవి ఆరుగురి పాస్‌పోర్టులు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందని చాలా రోజులు ఆలోచించాను. కొడుకుది నిర్లక్ష్యం అనడం అన్యాయం. ఆ కుటుంబంలో అందరికంటే జాగ్రత్త గల మనిషి అతనే. మన రైలు ప్రయాణమే మనకు ఇది నేర్పింది. ఈ-టికెట్ మీద ఆరుగురు ఉంటే టీటీఈకి ఒక్కరు గుర్తింపు కార్డు చూపితే చాలు. పెళ్లికి బస్సు కట్టించుకున్నా, తిరుమల వెళ్లినా, కాగితాలన్నీ ఒక పెద్దమనిషి చేతిసంచిలో ఉంటాయి, మిగతావారు నిశ్చింతగా ఉంటారు. రైలుకు కుటుంబం ఒక టికెట్. ఓడకు కుటుంబమనే లెక్కే లేదు. ఒక్కొక్క మనిషి, ఒక్కొక్క ముఖం, ఒక్కొక్క కార్డు. ఈ తేడాను నేను ఏ సమావేశంలోనూ ఇలా విడమరిచి చెప్పలేదు. అంతేకాదు, అప్పటివరకు నేను ఇచ్చే సూచనల కాగితంలో "పత్రాలన్నీ కుటుంబ పెద్ద దగ్గర భద్రంగా ఉంచండి" అనే వాక్యం ఉండేది. అతను నా కాగితంలో ఉన్నదే పాటించాడు. ఆ వాక్యాన్ని మరునాడే తీసేశాను.

ఇప్పుడు నేను ఏం చెబుతున్నానంటే, రేవులో దిగాక కార్డు చేతులు మారకూడదు. భర్త అడిగినా, కొడుకు అడిగినా ఇవ్వవద్దు. చంటిపిల్లలది మాత్రం తల్లిదండ్రుల దగ్గర ఉంటుంది. దాంతో పాటు ఎవరి జిరాక్స్ వారి దగ్గరే, పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ రెండూ. ఫోనులో ఫోటో ఉంది కదా అంటారు. ఫోను పోతే, చార్జింగ్ అయిపోతే ఆ ఫోటో కూడా లేనట్టే.

అసలు పాస్‌పోర్టు సంగతికి వస్తే, ఓడవారు తీసుకుంటే ఆ చర్చే లేదు. మన చేతికే ఇస్తే, నేను ముందు దేశం చూస్తాను. జపాన్‌లో విదేశీయులు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలని చట్టం ఉంది, అక్కడ లాకరులో పెట్టి దిగమని నేను చెప్పను. ఆ రేవులో ఇమిగ్రేషన్‌వారు అసలుదే చూస్తామంటే అదీ అంతే. ఇలాంటి నియమం లేని చోట, రేవు చుట్టుపక్కల నాలుగు వీధులు తిరిగి వచ్చేవారికి లాకరే మేలు. కౌలాలంపూర్‌కు దగ్గరి రేవు పోర్ట్ క్లాంగ్‌లో దిగి సొంతంగా బతు కేవ్స్ గుహల్లోని మురుగన్ గుడి దాకా వెళ్లేవారి విషయంలో నా మనసు ఇటూ అటూ ఊగుతుంది. దారిలో రద్దీ ఎక్కువ, 272 మెట్లు ఎక్కి దిగాలి, ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. అక్కడ ఓడవారే నడిపే బస్సులో వెళ్లమంటాను, ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఎదురుచూస్తుంది. ఇక ఏ రేవు విషయంలోనైనా విన్న మాటను నమ్ముకోవద్దు, ముందురోజు రాత్రి వచ్చే పత్రం చదవాలి. ఒకే ప్రయాణంలో ఒక రేవుకు ఒక నియమం, ఇంకో రేవుకు ఇంకో నియమం ఉండడం మామూలే.

మిగిలింది చీర. ప్యాంటుకు జేబులుంటాయి, చుడీదార్‌కు ఈమధ్య పెడుతున్నారు. చీర కట్టుకున్న మనిషి కార్డు ఎక్కడ పెట్టుకుంటుంది? చేతిసంచి భుజం మీద బరువని మనవరాలికి ఇస్తుంది, ఆ పిల్ల కొడుకుకు ఇస్తుంది, మళ్లీ మొదటికే వస్తాం. మా అమ్మమ్మ ఆకు వక్కల తిత్తి రొంటిన దోపుకునేది. చిల్లర డబ్బులు, బీరువా తాళం చెవి అందులోనే. నిద్రలో కూడా అది జారిపోయేది కాదు. అదే గుర్తుకు వచ్చి, మా వీధి దర్జీ చేత కార్డు పట్టేంత గుడ్డ తిత్తులు కుట్టించాను. మూతికి లాగి బిగించే తాడు, నడుముకు కట్టుకునే నాడా. మగవారికి మెడలో వేసుకునే రకం. తిత్తిలో కార్డు, మడిచిన జిరాక్స్, కొంచెం స్థానిక డబ్బు, ఒక చీటీ. చీటీ మీద తెలుగులోను, ఇంగ్లీషులోను, ఆ దేశపు భాషలోను నాలుగు ముక్కలు: పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, ఓడ పేరు, రేవు పేరు, ఎక్కాల్సిన వేళ. వెనుక పోర్ట్ ఏజెంటు నంబరు రాసుకోవడానికి ఖాళీ గడి. పెద్దలకు చదవడానికి వీలుగా అక్షరాలు పెద్దవిగా ఉండాలని మొదటిసారి కుదరక రెండోసారి అచ్చు వేయించాను.

ఇంకొక మార్పు మా ఆఫీసులోనే. ప్రయాణానికి ముందు అందరినీ కూర్చోబెట్టి, ఎవరి పాస్‌పోర్టు వారి చేతికి ఇచ్చి, అందులోని పేరును పైకి చదవమంటాను. ఎవరైనా అడిగితే ఆ పేరే, ఆ వరుసలోనే చెప్పాలి. ఆ తరువాత ఎనిమిది కుటుంబాలను ఇలా పంపాను. ప్రతిసారీ కనీసం ఒక్కరైనా చదువుతూ మధ్యలో ఆగిపోతారు. ఎక్కువగా ఆడవారే.

జనవరిలో ఆ పెద్దావిడ కొడుకుతో కలిసి మా ఆఫీసుకు వచ్చారు. ఆ గుడి వాకిట్లో పూలమ్మాయి ఇచ్చిన కుంకుమ పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పాస్‌పోర్టు ఆవిడ చేతికిచ్చి చదవమన్నాను. తీసుకుని పదేళ్లు కావస్తున్నా ఆవిడ దాన్ని ఎప్పుడూ తెరిచి చూడలేదు. కళ్లజోడు సర్దుకుని, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివారు. "పైన ఈయన పేరు ఉందేమిటి అమ్మాయీ?" అన్నారు. "అక్కడ ఇంటిపేరు ఉండాలమ్మా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "గేటు దగ్గర అబ్బాయి తప్పేమీ లేదు అయితే. పాపం, అతను సరిగ్గానే వెతికాడు." తరువాత కొడుకు వైపు తిరిగి, "దీన్ని మార్పించరా" అన్నారు.

గడువు కూడా దగ్గరపడింది కాబట్టి రెండు పనులూ కలిపి కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేశాం. 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు. ఆధార్‌లో ఇంటిపేరు సరిగ్గానే ఉండడం కలిసివచ్చింది. సాలిగ్రామం పాస్‌పోర్టు సేవా కేంద్రంలో వేలిముద్రలు ఇచ్చేటప్పుడు ఫైలు కొడుకు పట్టుకోబోతే ఆవిడే తీసుకున్నారట. పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వస్తుంది, దరఖాస్తుదారు చేతికే ఇస్తారు. పోస్ట్‌మ్యాన్ వచ్చిన రోజు కొడుకు ఆఫీసులో ఉన్నాడు, కోడలు స్నానానికి వెళ్లింది. గుర్తింపు కార్డు చూపమని అడిగితే ఆవిడ రొంటిన ఉన్న తిత్తి తాడు వదులు చేసి, ఆధార్ తీసి చూపించి, సంతకం పెట్టి కవరు తీసుకున్నారు. సాయంత్రం నాకు ఫోను చేసి, కొత్త పుస్తకంలో ఉన్న తన పేరు ఇంటిపేరుతో సహా చదివి వినిపించారు.